పొత్తు కలిసే ముందు మనసు విప్పుకోండి

చెల్లెమ్మలూ, ముహూర్తాలు దగ్గరపడితే మన రాజంపేటలో జాకెట్లు కుట్టేవాళ్లకు ఊపిరాడదు. ఆ గిరాకీ చూసి, "నీకు కుట్టు వచ్చు, నాకు బేరం వచ్చు, ఇద్దరం కలిసి అంగడి పెడదామా?" అనుకునే స్నేహితురాళ్లు చాలామందే ఉంటారు. మంచి ఆలోచన. పెట్టండి. కాకపోతే దుడ్డు బయటికి తీసేముందు ఒక పూట ఇద్దరే తీరిగ్గా కూర్చోండి. అద్దె ఎంత, మిషన్లు ఎన్ని అన్న లెక్కలు తర్వాత. ఈ అంగడి వల్ల నీకేం కావాలి, నాకేం కావాలి అన్నది ముందు తేలాలి.

ఒకామెకు నెల తిరిగేసరికి పిల్లల ఫీజు చేతికి రావాల. ఇంకొకామెకు రెండేళ్లు పైసా తీయకుండా అంగడి పెద్దది చేయాలని ఉంటుంది. రెండూ న్యాయమైన కోరికలే. కానీ బయటికి చెప్పుకోకపోతే మొదటి సంక్రాంతికే "గల్లాపెట్టె నువ్వే ఖాళీ చేస్తున్నావు" అని ఒకరు, "వచ్చిందంతా సరుకు మీదే పోస్తున్నావు" అని ఇంకొకరు మొదలుపెడతారు. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. మొహమాటానికి పోయి అడగాల్సింది అడగలేదు, అంతే.

అందుకే చెరొక నోటుపుస్తకం తీసుకుని, ఒకరిది ఒకరు చూడకుండా నాలుగు సంగతులు రాయండి. నెలకు నా చేతికి ఎంత రావాలి? మూడేళ్లకు అంగడి ఎట్లుండాలి? ఇల్లు చూసుకుంటూ రోజుకు ఎన్ని గంటలు ఇవ్వగలను? ఎంత పోతే తట్టుకోగలను? రాశాక పుస్తకాలు మార్చుకుని చదవండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే మాట్లాడండి. ఆ మాటల్లోంచే ఇద్దరికీ ఒప్పుదలైన లక్ష్యం వస్తుంది. దాన్ని నెలలవారీగా పంచండి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, శ్రావణంలో ఊపిరి తిరగదు. ఏ నెలలో సరుకు నింపాలో, ఏ నెలలో చెయ్యి బిగించాలో అప్పుడే తెలుస్తుంది.

మన కడప గడ్డ మీద పుట్టిన బి. నాగిరెడ్డి గారిని చూడండి. ఆయనది పొట్టిపాడు, ఆయనతో పొత్తు కలిసిన చక్రపాణి గారిది తెనాలి. అచ్చుయంత్రం, నిర్వహణ నాగిరెడ్డి గారివి, కథ, రచన చక్రపాణి గారివి. 1947 జూలైలో 'చందమామ' పత్రిక తెచ్చారు. ఇద్దరూ కలిసి నడిపిన విజయా సంస్థ మొదటి సినిమా 'షావుకారు' 1950లో వచ్చింది. పేరు వచ్చినంతగా డబ్బు రాలేదు. అయినా విడిపోలేదు. మరుసటి ఏడే 'పాతాళభైరవి' తీశారు, 1955లో 'మిస్సమ్మ', 1957లో 'మాయాబజార్'. 1975లో చక్రపాణి గారు పోయేదాకా ఆ జంట నిలిచింది. ఎవరి పని ఏదో, ఇద్దరూ కలిసి ఎటు పోవాలో తెలిసినవాళ్లకు ఒక దెబ్బ తగిలినా పొత్తు చెదరదు.

ఇక కాగితం సంగతి. 1932 నాటి భాగస్వామ్య చట్టం ఏమంటుందో తెలుసుకోండి. మీరు వేరే ఒప్పందం చేసుకోకపోతే లాభం, నష్టం సమానంగా పంచుకోవాల్సిందే. పొద్దస్తమానం మిషను తొక్కినామెకు విడిగా జీతం రాదు. వాటాకు మించి అప్పుగా పెట్టినదానికి ఏడాదికి నూటికి ఆరు రూపాయల వడ్డీయే. అంగడి పేరున చేసిన బాకీకి ఇద్దరూ బాధ్యులే, ఒకరు కట్టలేకపోతే మొత్తం రెండో ఆమె నుంచైనా రాబట్టుకోవచ్చు. రిజిస్టరు చేయించకపోతే, రావాల్సిన బాకీ కోసం అంగడి పేరున కోర్టుకు పోలేరు. కాబట్టి జీతం, వాటా, ఎవరైనా తప్పుకుంటే లెక్క ఎట్లా తేల్చాలన్నది రాసుకుని రిజిస్టరు చేయించుకోండి.

చెడ్డ రోజును కూడా తలుచుకోండి తల్లీ. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు వరద మీదపడినప్పుడు పులపత్తూరు, మందపల్లి ఊళ్లు ఏమయ్యాయో మనం మరువలేదు. లాభంలో కొంత ఆపదకని పక్కన పెట్టడం, సరుకుకు బీమా చేయించడం మొదటి నెల నుంచే ప్రణాళికలో ఉండాలి.

"ఇవన్నీ అడిగితే నన్ను నమ్మలేదనుకుంటుందేమో అక్కా" అంటారు. అనుకోదు. అడగకుండా కడుపులో పెట్టుకున్నదే రేపు పగవుతుంది. స్నేహం స్నేహమే, లెక్క లెక్కే. నెలకొకసారి, ఒక తేదీ అనుకుని, ఇద్దరూ లెక్కపుస్తకం ముందు కూర్చోండి. అనుకున్నది ఎంత అయింది, ఎవరికి బరువెక్కువైంది అని ఒకరినొకరు అడగండి. మాట మార్చుకోవాల్సి వస్తే ఇద్దరూ కలిసే మార్చుకోండి. మీ అంగడీ నిలవాల, మీ స్నేహమూ నిలవాల. నా కోరిక అదే.