అవ్వ మాట నోటికి రావాలంటే

ప్రశ్న: మాది నెల్లూరు తీరంలో పట్టపు కుటుంబం. అవ్వ మాట్లాడే పట్టపు భాష నాకు అర్థమవుతుంది, నోరు తిరగదు. పిల్లలకు ఆ మాత్రమూ రాదు. ఎలా నేర్చుకోవాలి?
– ఓ పాఠకురాలు, జువ్వలదిన్నె

జవాబు: బడి, బజారు తెలుగులో నడిస్తే ఇంటి భాష అవ్వ దగ్గరే ఆగిపోతుందమ్మా. దగ్గరి భాషే కదాని తమిళ యాప్ పట్టుకోకండి, తమిళమే వస్తుంది. అవ్వ చేపలు తోమేటప్పుడు పక్కన కూర్చోండి. పొలుసు, మొప్పలు, కత్తిపీట, ‘ఉప్పు చాలు’, ‘ఇంకొంచెం వెయ్యి’ ఎలా అంటారో అడిగి, ఆమె గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేయండి. తెలుగు లిపిలో రాసుకున్నా పలుకు మాత్రం వినే నేర్చుకోవాలి. రాత్రి అన్నం దగ్గర ఆ మాటలే వాడండి. నవ్వేవాళ్లు నవ్వుతారు, నవ్వనీండి. ఆగిపోయిన భాష మళ్లీ నోటికి వస్తుంది: హవాయిలో 1896 చట్టం బడుల నుంచి గెంటేసిన అక్కడి భాషను 1984లో మొదలైన ‘పూనన లియో’ పసిపిల్లల బడులు మళ్లీ పలికించాయి. అవ్వకు జ్ఞాపకం తగ్గుతుంటే మాత్రం ఆగకుండా, ఆమె మాటలను భద్రపరిచే సాయం కోసం మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థకు రాయండి.