పవర్ టిల్లరును ఒంటరిగా వాహనము పైకి ఎక్కించుట

పవర్ టిల్లరును మరమ్మతుకు పంపునపుడు తోడు మనిషి దొరకకపోవచ్చును. ఎత్తైన పికప్ వాహనము పైకి ఒక్కరే ఎక్కించునపుడు వాలు నిటారుగా నున్నచో యంత్రము వెనుకకు జారి మనిషిని నలిపివేయును. కావున బలము చూపుటకంటె ఎత్తు తగ్గించుకొనుట ముఖ్యము.

లెక్క చూడుడు. యంత్రము బరువు 400 కిలోలు, తొట్టి ఎత్తు 3 అడుగులు అనుకొనుడు. రాపిడిని విడిచి, 6 అడుగుల పలకలపై లాగుటకు 200 కిలోల బలము కావలెను. 9 అడుగుల పలకలపై సుమారు 133 కిలోలు. వాహనమును పల్లములో నిలిపి, గట్టి గట్టు మీదనుండి పలకలు వేసి, ఎత్తును 1 అడుగుకు తగ్గించినచో 45 కిలోలే చాలును.

ఎక్కించు పద్ధతి:

1. వాహనమునకు చేతిబ్రేకు వేసి, చక్రములకు రాళ్లు అడ్డు పెట్టవలెను.

2. రెండు పెద్ద చక్రములకు రెండు, తోక చక్రమునకు ఒకటి, మొత్తము మూడు మందమైన పలకలు వేసి, పై కొసలను తొట్టికి గొలుసుతో బిగించవలెను.

3. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, తొట్టి ముందు భాగమున బిగించిన చేతి వించితో మెల్లగా లాగవలెను.

4. యంత్రము వెనుకగాని, బిగిసిన తాడునకు ఎదురుగాగాని నిలువరాదు.

5. ఎక్కిన పిమ్మట గేరు వేసి, నాలుగు మూలల తాళ్లతో కట్టవలెను.

తోడు దొరికిననాడు ఒంటరిగా పూనుకొనకుడు.