పిల్ల మన చేతిలో ఉన్న ఎనిమిది వారాలు

“కెన్నెల్లో పని దొరికింది, చేరమంటావా అక్కా?” అని టూవూంబాకి కొత్తగా వచ్చిన మనవాళ్లు అప్పుడప్పుడూ అడుగుతుంటారు. బ్రిస్బేన్‌కి పడమరగా 125 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 700 మీటర్ల ఎత్తున, కొండ అంచు మీద ఉన్న ఊరు ఇది. ఊరు దాటితే డార్లింగ్ డౌన్స్ పొలాలు, మందలు, వాటిని తోలే కెల్పీలు, క్యాటిల్ డాగ్‌లు. ఊళ్లో ఏ వీధికి వెళ్లినా పెంపుడు కుక్కలు. కాబట్టి కుక్కలతో పనికి ఇక్కడ లోటుండదు. చేరమనే చెబుతాను. కాకపోతే ప్రకటనలో “కడగడం, తిండి పెట్టడం” అని రాసి ఉన్నా, కుక్కపిల్లలున్న గదిలో అడుగుపెట్టిన రోజు నుంచి మీరు చేసేది పెంపకం. ఆ సంగతి తెలుసుకుని చేరండి. తెలియక నేను చేసిన తప్పు మీరు చేయొద్దు.

మనలో చాలామందికి కుక్కంటే లోపల ఎక్కడో జంకు ఉంటుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల కథ వింటూ పెరిగాం మరి. ఆస్ట్రేలియాలో కుక్కల్లో రేబిస్ లేదు. (నేలమీద పడిన గబ్బిలాన్ని మాత్రం ఎప్పుడూ ముట్టుకోకండి, ఆ జాతి వైరస్ ఇక్కడి గబ్బిలాల్లో ఉంది.) ఈ సంగతి నాకు తెలుసు, అయినా చేతులకి తెలియలేదు. మొదట్లో పిల్లల దొడ్డిలోకి వెళ్తే తల దించుకుని, గబగబా ఊడ్చి, అడ్డొచ్చిన పిల్లని చటుక్కున లాగి పక్కన పెట్టి బయటపడేదాన్ని. ఒక పిల్ల ఎప్పుడూ నీళ్ల గిన్నె వెనక నక్కి కూర్చునేది. నల్లటి ఒళ్లు, కనుబొమల దగ్గర రెండు గోధుమరంగు చుక్కలు. దాన్ని రోజూ వెనక నుంచి పట్టి లాగేదాన్ని. ఎనిమిది వారాలకి దాన్ని తీసుకెళ్లినవాళ్లు నెల తిరక్కుండా వెనక్కి తెచ్చారు. పైనుంచి చెయ్యి వస్తే చాలు, పళ్లు చూపిస్తోందట. దాని తల్లి సాధువు, తోబుట్టువులు సాధువులు. ఆ పళ్లు నేర్పింది నా చెయ్యే.

కుక్కపిల్లకి లోకం ఎప్పుడు తెరుచుకుంటుంది, ఎప్పుడు మూసుకోవడం మొదలవుతుంది అన్నది అమెరికాలో మెయిన్ రాష్ట్రం బార్ హార్బర్‌లోని జాక్సన్ లేబొరేటరీలో వెతికి చూశారు. 1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ ప్రచురించిన ప్రయోగంలో పిల్లల్ని ఎత్తైన కంచె వెనక, మనిషి ముఖం కనపడకుండా పెంచారు. 14 వారాల దాకా అలా ఉండిపోయినవి ఆ తర్వాత ఎంత చేసినా అడవి జంతువుల్లాగే మిగిలాయి. మనిషికి దగ్గరయ్యే కాలం దాదాపు రెండున్నర వారాల నుంచి మొదలై తొమ్మిది, పదమూడు వారాల మధ్య ముగుస్తుందని వాళ్లు తేల్చారు. అదే చోట ఏళ్ల తరబడి పనిచేసిన స్కాట్, ఫుల్లర్ 1965లో తెచ్చిన పుస్తకమూ ఇదే కాలాన్ని చూపింది. ఇప్పుడు లెక్క వేసుకోండి. కొన్నవాళ్ల చేతికి పిల్ల వచ్చేది ఎనిమిది వారాలకి. అప్పటికే సగం కాలం అయిపోయింది. ఆ సగం గడిచింది మీ దగ్గర.

ఆ కాలంలో పిల్లని మనిషికి దగ్గర చేయడాన్ని ఇక్కడ సోషలైజేషన్ అంటారు. మనకి అంతకన్నా మంచి మాట ఉంది: మాలిమి. మాలిమి అయ్యేది జంతువు. మనం చేయగలిగింది అది దగ్గరికి రావడానికి భయపడాల్సిన పని లేకుండా చూడటమే.

మొదటి రెండు వారాలు వెచ్చదనం, పాలు, బరువు. ఇంతే. పుట్టిన పిల్లకి ఒంటి వేడి నిలుపుకోవడం రాదు, వణకడం కూడా రాదు. టూవూంబాలో జులై రాత్రులు 5, 6 డిగ్రీలకి దిగడం మామూలే. పైగా పడమటి గాలి తలుపు సందుల్లోంచి కోసేస్తుంది. మొదటి వారం పెట్టెలో వేడి 30 డిగ్రీల దగ్గర ఉండాలి, ఓ మూల కాస్త చల్లగానూ ఉండాలి, వేడెక్కిన పిల్ల అటు పాకిపోవడానికి. రోజూ ఒకే వేళకి వంటింటి తక్కెడ మీద తూచి రాయండి. ఎనిమిది, పది రోజులకి పుట్టినప్పటి బరువు రెట్టింపు కావాలి. ఒక రోజు పెరగకపోతే గమనించండి, రెండో రోజూ పెరగకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఆ తూకమే మొదటి మాలిమి కూడా. అరచేతిలో వెచ్చగా పట్టుకుని, అర నిమిషంలో తల్లి పక్కన పెట్టేయండి. తల్లి కంగారుపడుతుంటే ముందు తల్లిని మాలిమి చేసుకోవాలి. దానికి ఏదైనా తినిపించి, అది చూస్తుండగానే పిల్లని ముట్టుకోండి.

మన ఇళ్లలో ఇరవై ఒకటో రోజున బారసాల చేస్తాం. కుక్కపిల్లకీ ఆ రోజుకల్లా కళ్లు తెరుచుకుని, చెవులు విచ్చుకుని, కాళ్లు నిలబడతాయి. అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఎలా చేయాలో మన అన్నప్రాశన చెబుతుంది. పిల్లవాడి ముందు పుస్తకం, కలం, బంగారం, కత్తి పెట్టి ఎటు పాకుతాడా అని చుట్టూ కూర్చుని చూస్తాం. ఎవరూ చెయ్యి పట్టి లాగరు. దొడ్డిలోనూ అంతే చేయండి. రోజుకి ఒక కొత్త వస్తువు పెట్టండి: బోర్లించిన బకెట్, అట్టపెట్టె, పాత బూటు, గరుకు రబ్బరు చాప, గలగలలాడే ఖాళీ సీసా. పెట్టి, పక్కన నేలమీద కూర్చోండి. ధైర్యం ఉన్న పిల్ల ముందు వెళ్తుంది, దాన్ని చూసి ఇంకోటి. చివరిదాన్ని ఎత్తుకెళ్లి దాని ముందు పెట్టాలన్న కోరిక మీకు కలుగుతుంది. పెట్టకండి. రేపటి దాకా ఆ బకెట్ అక్కడే ఉంచండి.

చప్పుళ్లూ ఇంతే. ఇక్కడ వేసవిలో ఉరుముల వానలు రేకుల కప్పు మీద ఎలా మోగుతాయో చూసే ఉంటారు. కొత్త ఇంట్లో వాక్యూమ్ క్లీనర్, మిక్సీ, కుక్కర్ కూత ఉంటాయి. మూడు వారాలు దాటాక, పిల్లలు తింటున్నప్పుడు గదికి ఆ చివర ఒక చెంచా కింద పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు. ఉలిక్కిపడి ఎంతసేపటికి మళ్లీ గిన్నెలో మూతి పెట్టిందన్నదే మీరు చూడాల్సింది. రెండు మూడు క్షణాలైతే రేపు కాస్త దగ్గరగా పడేయొచ్చు. తిండి మానేసి మూలకి పోతే మీరు ఎక్కువ చేశారని అర్థం. రెండు రోజులు ఆగి, ఇంకా దూరం నుంచి మొదలుపెట్టండి.

మనుషుల్నీ రకరకాలుగా చూపించాలి. ఈ ఊళ్లో పనివాళ్ల ఒంటిమీద మెరిసే పసుప్పచ్చ చొక్కా, రైతు నెత్తిన వెడల్పు అంచు టోపీ, చేతికర్రతో నడిచే పెద్దాయన, గడ్డం, నల్ల కళ్లద్దాలు, పరుగెత్తే పిల్లలు. నేను ఒకసారి చున్నీ వేసుకుని వెళ్తే, రోజూ నా ఒళ్లోకి ఎక్కే పిల్లలే ఆమడ దూరం పారిపోయాయి. ఆ తర్వాత చున్నీ వాటికి ఆటవస్తువైంది. వచ్చినవాళ్లని నేలమీద కూర్చోమనండి, చేతులు ఒళ్లో పెట్టుకోమనండి. పిల్ల తనంతట తాను ఎక్కితే అప్పుడు ఛాతీ కింద, గడ్డం కింద నిమరమనండి, నడినెత్తి మీద కాదు.

“ఇంతమందిని రానిస్తే పార్వో రాదా?” అని యజమానులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కుక్కపిల్లల ప్రాణం తీసే ఈ పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, టూవూంబా ఎర్రమట్టి బూటు అడుగున ఎలా అంటుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు. చేతులకి రాసుకునే ఆల్కహాల్ శానిటైజర్ దాన్ని చంపలేదు. చేతులు సబ్బుతో కడిగించండి. బూట్లు గుమ్మం బయట విప్పించండి. నేలకి ముందు మలం పూర్తిగా తీసి, నీళ్లతో కడిగి, ఆ తర్వాతే మామూలు బ్లీచ్ ఒక వంతుకి 30 వంతుల నీళ్లు కలిపి పోసి పది నిమిషాలు ఉంచండి. మురికి మీదే బ్లీచ్ పోస్తే అది పనిచేయదు. ఇంకే క్లీనర్‌తోనూ కలపకండి. ఎప్పుడూ చిన్నపిల్లల గది ముందు, జబ్బుపడినవాటి గది చివర. అంతేగానీ పార్వో భయంతో పిల్లల్ని మనిషికి దూరంగా దాచిపెట్టడం పరిష్కారం కాదు. మూడేళ్ల లోపు కుక్కల చావులకి అంటురోగాల కన్నా ప్రవర్తన సమస్యలే పెద్ద కారణమని 2008లో అమెరికాలోని పశువైద్య ప్రవర్తన నిపుణుల సంఘం ప్రకటించింది. మొదటి టీకా వేసిన వారానికే, ఏడెనిమిది వారాల వయసులో పిల్లల్ని తరగతులకి తీసుకెళ్లొచ్చని కూడా చెప్పింది.

ఐదో వారం నుంచి ఒక్కొక్క పిల్లని విడిగా తీసుకెళ్లడం మొదలుపెట్టండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే, చాలా చోట్ల వదిలేసే పనీ ఇదే. గుంపులో పులిలా ఉన్న పిల్ల ఒంటరిగా వంటగదిలో నిలబడితే ఎంత చిన్నదైపోతుందో చూడాలి. మొదటి రోజు రెండు నిమిషాలు, ఒళ్లో పెట్టుకుని. తర్వాత ఐదు నిమిషాలు. ఆ తర్వాత ఇంజిన్ ఆపి ఉన్న కారులో, మరో రోజు ఇంజిన్ తిప్పి, ఇంకో రోజు వీధి చివరి దాకా. ఏడో వారానికి తలుపు తీసిన క్రేట్‌లో ఒక కునుకు తీయగలగాలి. లేకపోతే తల్లి, తోబుట్టువులు, తెలిసిన వాసన అన్నీ ఒకే రాత్రి పోతాయి. ఆ మొదటి రాత్రి ఏడుపుకి కొత్తవాళ్లు విసుక్కుంటారు. అయితే మిగతా రోజంతా గుంపులోనే ఉండనివ్వండి. ఎంత గట్టిగా కొరికితే అవతలివాడు ఆట మానేస్తాడో తోబుట్టువులు నేర్పినట్టు మనం నేర్పలేం. ఇక్కడి కెన్నెల్ సంఘాలు ఎనిమిది వారాలు నిండకుండా పిల్లని ఇవ్వొద్దనేది ఊరికే కాదు.

గిన్నె దగ్గర ఉన్నప్పుడు తిండి లాగేసుకుని “అలవాటు చేస్తున్నాం” అనేవాళ్లని చూశాను. అలా చేస్తే పిల్ల గుర్రుమనడం నేర్చుకుంటుంది. దగ్గరగా వెళ్లి ఉడికించిన కోడి ముక్క ఒకటి గిన్నెలో వేసి రండి. మనిషి వస్తే ఏదో పోతుందని కాక, ఏదో వస్తుందని తెలియాలి. పడక ఒక పక్క, దొడ్డికి పోయే చోటు ఇంకో పక్క మూడో వారం నుంచే వేరు చేయండి. అక్కడ గడ్డి పరిస్తే, కొత్త ఇంట్లో పెరట్లోకి వెళ్లడం తేలిక. నులిపురుగుల మందు రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకి. కొండ కిందికి, తీరం వైపు వెళ్లే పిల్లలకైతే పక్షవాతం తెచ్చే పిడుదుల సంగతి కొన్నవాళ్లకి నోటితో చెప్పండి, డాక్టర్ని అడిగి మందు వేయించమనండి.

ఇక మీ సంగతి. చేరేముందు క్యూ ఫీవర్ టీకా గురించి అడగండి. ఈ జబ్బుని మొదట వర్ణించింది పక్కనున్న బ్రిస్బేన్‌లోనే, 1937లో ఎడ్వర్డ్ డెరిక్ అనే వైద్యుడు, కబేళా కార్మికుల్లో. పశువులు, గొర్రెలు, మేకల నుంచి ఎక్కువగా వస్తుంది. కుక్క ఈనేటప్పుడు వచ్చే మాయ, నీళ్ల నుంచి కూడా రావచ్చు. టీకాకి వారం ముందే చర్మ పరీక్ష, రక్త పరీక్ష ఉంటాయి, కాబట్టి ముందే చూసుకోండి. అడవి పందుల వేటకి వాడే కుక్కల నుంచి బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా అంటుకునే ప్రమాదమూ క్వీన్స్‌లాండ్‌లో ఉంది. కాన్పు దగ్గర చేతి తొడుగులు, మాస్క్ లేకుండా ఉండకండి. కడుపుతో ఉన్నవాళ్లు ఆ గదికి దూరంగా ఉండండి, అడగడానికి మొహమాటపడకండి.

ఈ పనికి జాతీయ వేతన నిబంధన ఉంది, యానిమల్ కేర్ అండ్ వెటర్నరీ సర్వీసెస్ అవార్డ్ అంటారు. క్యాజువల్‌గా చేరితే గంట జీతం మీద 25 శాతం అదనంగా ఇవ్వాలి. “పిల్లలతో ఆడుకోవడమే కదా, ఒక వారం ఊరికే చేసి చూడు” అంటే ఒప్పుకోకండి. పిల్లలతో కూర్చున్న గంట కూడా పనిగంటే. అనుమానం ఉంటే పనివాళ్ల హక్కులు చూసే ఫెయిర్ వర్క్ వాళ్లకి 13 13 94కి ఫోన్ చేయొచ్చు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తరగతులు జరిగే రోజుల్లో రెండు వారాలకి 48 గంటల పరిమితి మరిచిపోవద్దు. కుక్క ఏ రాత్రి ఈనుతుందో చెప్పలేం, గంటలు తెలియకుండానే దాటిపోతాయి.

మీరు పనిచేసే చోటు నిజాయితీగా నడుస్తోందా అన్నదీ చూసుకోండి. క్వీన్స్‌లాండ్‌లో 2017 మే 26 తర్వాత పుట్టిన ప్రతి పిల్లకీ పెంపకందారు సప్లై నంబర్ ఉండాలి. పుట్టిన 28 రోజుల్లోగా నమోదు చేసుకోవాలి, అమ్మకం ప్రకటనలో ఆ నంబర్ వేయాలి. 12 వారాల లోపు మైక్రోచిప్ తప్పనిసరి. ఇవేమీ లేకుండా పిల్లల్ని అమ్మే చోట మీ జీతం కాగితాలు మాత్రం సరిగ్గా ఉంటాయని అనుకోకండి.

పిల్ల వెళ్లేరోజు మూడు వస్తువులు కట్టివ్వండి: తల్లి పక్కలో నాలుగు రాత్రులు ఉంచిన గుడ్డముక్క, వారానికి సరిపడా పాత తిండి, మీ చేత్తో రాసిన ఒక కాగితం. టీకా కార్డు ఎలాగూ ఇస్తారు, ఆ కాగితం మీరు తప్ప ఎవరూ రాయలేరు. పోయిన ఆగస్టులో, కొండ మీద మంచు కమ్మి ఎదుటి కంచె కూడా కనపడని పొద్దున, నేను ఇచ్చిన కాగితం ఇది:

“ఆకుపచ్చ పట్టీ. ఆడపిల్ల. 57వ రోజు. కారులో పడుకుంటుంది. ఉరుముకి లేచి చూసి మళ్లీ పడుకుంటుంది. టోపీ పెట్టుకున్న మగవాళ్ల దగ్గరికి రెండు నిమిషాలు ఆగి వెళ్తుంది, ఆగనివ్వండి. చీపురంటే ఇంకా బెరుకు. నేలమీద పడేసి ఉంచండి, తనే వస్తుంది. కుడి చెవి వెనక గోకితే నిద్రపోతుంది.”