ఉత్కంఠకు మూలము: ప్రేక్షకుని జ్ఞానము

చలనచిత్రములలో ఉత్కంఠ యనగా దర్శకుడు విషయమును దాచియుంచుటయే యని పలువురు తలచుచుందురు. పరిశీలించినచో ఈ అభిప్రాయము అసమగ్రమని తేలును. దాచుటవలన కలుగునది కుతూహలము. దాచినది హఠాత్తుగా బయటపడినపుడు కలుగునది విస్మయము. ఉత్కంఠ ఈ రెంటికంటె భిన్నము. రానున్న కీడు తెలిసియు, అది తప్పునో తప్పదో తెలియక మనస్సు పడు ఆరాటమే ఉత్కంఠ.

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో జరిపిన సంభాషణలలో ఈ భేదమును సోదాహరణముగా వివరించెను. బల్ల క్రింద బాంబున్నట్లు ప్రేక్షకునకు తెలియనిచో, అది ప్రేలినపుడు క్షణకాలపు ఉలికిపాటు మాత్రమే కలుగును. ముందే తెలిసినచో, అచట కూర్చున్నవారి ఊసుపోని మాటలు సైతము భరింపరానివగును.

ఈ సూత్రము మన సాహిత్యమునకు క్రొత్తది కాదు. విశాఖదత్తుని ముద్రారాక్షసమున చాణక్యుని పన్నాగము సామాజికులకు తెలియును; రాక్షసునకు తెలియదు. శాకుంతలమున దుర్వాసుని శాపమును శకుంతల యెరుగదు, మన మెరుగుదుము. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వమున వెలువడిన ‘మాయాబజార్’ చిత్రమున శశిరేఖ రూపమున నున్నది ఘటోత్కచుడని ప్రేక్షకులకు తెలియును, కౌరవులకు తెలియదు. అయినను ఇచట పుట్టునది భయము కాదు, హాస్యము. చిక్కులో పడువారు మన సానుభూతికి దూరమైనవారగుటయే దీనికి కారణము. కావున ఉత్కంఠకు జ్ఞానమొక్కటియే చాలదు. పాత్రపై మమకారమును వలయును.

పాత్రకంటె ప్రేక్షకుడు ఎక్కువ యెరిగియుండుట మొదటి పద్ధతి. ఇరువురును సమానముగా నెరిగియుండుట రెండవది: చంద్రశేఖర్ యేలేటి ‘అనుకోకుండా ఒక రోజు’ (2005) చిత్రమున కథానాయిక జ్ఞాపకమునుండి ఒక దినము జారిపోవును, ఆ దినమున జరిగినదానిని ఆమెతోపాటు మనమును వెదకుదుము. హంతకుని కంటె మనము తక్కువ యెరిగియుండుట మూడవది: వంశీ ‘అన్వేషణ’ (1985)లో అడవిలోని హంతకుడెవరో చివరి వరకు తెలియదు. ఐనను ఆ చిత్రమును నిలుపునది ఆ రహస్యము మాత్రమే కాదు. అడవిలో సంచరించు కథానాయికకై మనము పడు భయమును.

ఈ ఆరాటమును పోషించు సాధనములలో ముఖ్యమైనది కాలము. గ్రిఫిత్ ‘ది లోన్లీ విల్లా’ (1909)లో ఇంటిలో చొరబడు దొంగలను, ఇంటికి పరుగిడు భర్తను మార్చిమార్చి చూపెను. ఒక దృశ్యమును తెగగొట్టి రెండవదానికి పోవుటచే, నిమిషములు సాగినట్లు తోచును. రెండవ సాధనము ధ్వని. సంగీతము ఆగినచోట అడుగుల చప్పుడే ఆపదకు సూచకమగును. మూడవది చిత్రసీమ: చట్రమునకు వెలుపల నున్నదానిని ప్రేక్షకుని ఊహయే పూరించును.

కీచకవధ కథ తెలియని తెలుగువాడు అరుదు. ఐనను నర్తనశాలలో భీముడు పొంచియున్న ఘట్టము వచ్చినపుడు శ్రోత ఊపిరి బిగబట్టును. ముగింపు తెలిసినంతమాత్రమున ఉత్కంఠ నశింపదనుటకు ఇదియే నిదర్శనము. రహస్యమునే నమ్ముకొన్న చిత్రము రెండవమారు చూచునపుడు చప్పబడును. మనిషిని నమ్ముకొన్న చిత్రము అప్పుడును పట్టి కూర్చుండబెట్టును. ఉత్కంఠాచిత్రముల విలువను నిర్ణయించుటకు ఇంతకంటె సులభమైన పరీక్ష లేదు.