వాఙ్మయము – పదార్థము, ప్రయోగము

ఒక జాతి పలికిన, వ్రాసిన రచనల సముదాయమునకు మన భాషలో సాహిత్యము, సారస్వతము, వాఙ్మయము అను మూడు పేర్లు వాడుకలో నున్నవి. ఇవి సమానార్థకములుగా కనిపించినను వీని మూలార్థములు వేరు. శబ్దార్థములు కూడియుండుట సాహిత్యము. సరస్వతికి సంబంధించినది సారస్వతము. వాక్కుతో నిండినది వాఙ్మయము.

‘వాక్’ శబ్దమునకు ‘మయ’ ప్రత్యయము చేరగా, అనునాసికము పరమగుటచే కకారము ఙకారమైనది. చిత్ + మయము చిన్మయమైనట్లు, మృత్ + మయము మృణ్మయమైనట్లు ఇదియు సిద్ధించినది. కావున ‘వాఙ్మయము’ అని ఙకారముతో వ్రాయుటయే సాధువు. అక్షరముల పోలికచే ‘వాజ్మయము’ అని అచ్చగుచుండుట పొరపాటు.

ఈ పదము వ్యాప్తి గొప్పది. రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో వాఙ్మయమును శాస్త్రము, కావ్యము అని రెండుగా విభజించెను. అనగా కావ్యము వాఙ్మయములో ఒక భాగమే. భగవద్గీత 17వ అధ్యాయము తపస్సును శారీరము, వాఙ్మయము, మానసము అని మూడు విధములుగా చెప్పి, సత్యము, ప్రియము, హితము అయిన మాటను, స్వాధ్యాయమును వాఙ్మయ తపస్సుగా పేర్కొన్నది. వాక్కు అలంకారము మాత్రమే కాదు, ఆచరణము కూడ నని దీని భావము.

శరణుల వచనములకు ఈ పేరు మిక్కిలి తగియున్నది. ‘వచనము’, ‘వాక్కు’ రెండును ‘వచ్’ ధాతువునుండి పుట్టినవే. 12వ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు, అల్లమప్రభువు, అక్కమహాదేవి మొదలగువారు పలికిన వచనములు ఛందోబద్ధ కావ్యములు కావు; పండితులకై వ్రాసిన శాస్త్రములును కావు. అవి అనుభవమునుండి వెలువడిన మాటలు. ఫ. గు. హళకట్టిగారు తాళపత్రములను సేకరించి 1923లో ప్రకటించిన గ్రంథమునకు ‘వచనశాస్త్రసార’మని పేరిడిరి. తరువాతివారు ‘వచనసాహిత్య’మనిరి. ఒకరు తత్త్వమును, ఇంకొకరు రసమును ముందుంచిరి. రెండింటిని ఇముడ్చుకొనగల పదము వాఙ్మయమే.

ఈ భేదము కేవలము పేరునకు సంబంధించినది కాదు. కావ్యగుణమే కొలబద్దయైనచో, కొద్ది వచనములు మాత్రమే మిగిలిన శ్రమజీవుల మాటలు ఏరివేతలో జారిపోవును. బియ్యము ఏరుకొను వృత్తిలోని ఆయ్దక్కి లక్కమ్మ పలుకు ప్రభువుల ఆస్థానకవి పద్యముతో పోటీకి నిలువవలసి వచ్చును. వాఙ్మయ దృష్టిలో మాత్రము ప్రతి పలుకునకు స్థానమున్నది. ఎంచి కూర్చినది సంకలనము. విడివిడి రచనలను ఒకచోట చేర్చినది సంపుటము. ఏదియు విడువక కూర్చినది సమగ్రము. ఎం. ఎం. కల్బుర్గిగారి ప్రధాన సంపాదకత్వమున కర్ణాటక ప్రభుత్వము 1993లో 15 భాగములుగా వెలువరించిన ‘సమగ్ర వచన సంపుట’ ఆ మూడవ దృష్టికి నిదర్శనము.

తెలుగున పాల్కురికి సోమనాథుని కృషియు ఇట్టిదే. ద్విపదలో బసవపురాణము, పండితారాధ్య చరిత్రము, ఇంకను శతకము, రగడలు రచించిన ఆతని కృతులన్నిటిని కలిపి చెప్పునపుడు ‘సోమనాథుని వాఙ్మయ’మనుట సమంజసము. ఒక్క బసవపురాణమును చెప్పునపుడు మాత్రము కావ్యమనుట చాలును.

వాక్కు నిండియున్నదే వాఙ్మయము. పెట్టెలో మూతపడిన తాళపత్రమున వాక్కు నిద్రించుచుండును. చదివినవాని నోట అది మేల్కొనును. ఆచరించినవాని జీవితమున సార్థకమగును.