ట్రాలీ వెనుక కన్ను: కెమెరా అమర్చడం, అది మొరాయిస్తే లోపం పట్టుకోవడం

ధాన్యం బస్తాలతో నిండిన ట్రాక్టర్ ట్రాలీని కళ్ళంలోకి వెనక్కి తీసేటప్పుడు డ్రైవరుకు వెనుక ఏం కనిపిస్తుంది? కొంచెం లెక్క వేస్తే సమాధానం భయపెడుతుంది. డ్రైవరు కన్ను నేలనుంచి 2.1 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. బస్తాల పైఅంచు 1.8 మీటర్ల ఎత్తులో, కంటికి 5 మీటర్ల వెనుక ఉందనుకుందాం. కంటినుంచి ఆ అంచు మీదుగా గీసిన చూపు రేఖ 5 మీటర్ల దూరంలో 30 సెంటీమీటర్లు మాత్రమే దిగుతుంది. అదే వాలులో సాగితే అది నేలను తాకేది అంచుకు మరో 30 మీటర్ల అవతల. ఆ మధ్యలోని నేలంతా డ్రైవరుకు చీకటే. మీటరు ఎత్తున్న పిల్లవాడు అంచునుంచి దాదాపు 13 మీటర్ల లోపు ఎక్కడ నిలుచున్నా తల వెంట్రుక కూడా కనబడదు. ట్రాలీ వెనక్కి వస్తుంటే గింజలు ఏరుకునేవాళ్ళు, ఆడుకునే పిల్లలు ఉండేది సరిగ్గా అక్కడే.

మన దేశంలో కొత్త కార్లకు 2019 జులై 1 నుంచి వెనుక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు. ట్రాక్టర్ ట్రాలీకి (కొన్ని జిల్లాల్లో ట్రక్కు అంటారు) ఆ ఏర్పాటు లేదు. అయితే 12 వోల్టుల కెమెరా, చిన్న తెర ఇప్పుడు వాహనాల విడిభాగాల దుకాణాల్లో దొరుకుతున్నాయి. చాలామంది ఊళ్ళో ఆటో ఎలక్ట్రీషియన్ చేత పెట్టించుకుంటున్నారు. పెట్టిన వారానికే బొమ్మ వణకడం, బ్రేకు వేస్తే తెర నల్లబడటం, వాన పడితే మసకబారడం మొదలవుతుంది. తప్పు సాధారణంగా కెమెరాది కాదు. కారుకోసం తయారైన వస్తువును కొక్కెంతో తగిలించి లాగే బండికి పెట్టినప్పుడు తలెత్తే చిక్కులివి.

ఎక్కడ బిగించాలి

కెమెరా ఎంత ఎత్తులో ఉంటే అంత మంచిది. కదిలే బండి వెనుక గాలి సుడులు తిరిగి అక్కడ పీడనం తగ్గుతుంది. చక్రాలు లేపిన దుమ్ము ఆ సుడుల్లో చిక్కి ట్రాలీ వెనుక తలుపు మీదే పేరుకుంటుంది. మట్టిరోడ్డు మీద రెండు కిలోమీటర్లు నడిచాక చూడండి, తలుపు కింది సగం ఎర్రగా పూసినట్టు ఉంటుంది. లెన్సు ఆ సగంలో ఉండకూడదు.

కానీ హైడ్రాలిక్ తొట్టి ఉన్న ట్రాలీకి ఒక ఇబ్బంది ఉంది. సరుకు దించేటప్పుడు తొట్టి లేస్తుంది, వెనుక తలుపు తెరుచుకుంటుంది. తలుపుకే కెమెరా బిగిస్తే ఇసుకో కంకరో దాని మీదుగా జారుతుంది. అలాంటి ట్రాలీకి తలుపు పక్కనున్న నిలువు కమ్మీ పైభాగం మేలు. బొమ్మ కాస్త పక్కనుంచి కనిపిస్తుంది, పని జరిగిపోతుంది. తొట్టితోపాటు లేచే వైరు కీలు దగ్గర తగినంత వదులుగా ఉండాలి. ఆ వదులు సరిపోయిందో లేదో తొట్టిని పూర్తిగా లేపి కళ్ళతో చూసుకోవలసిందే.

వంపు సంగతి. పెట్టె మీద 170 డిగ్రీలు అని రాసి ఉన్నా అది చాలాసార్లు ఒక మూలనుంచి ఎదుటి మూలకు కొలిచిన కోణం. నిలువుగా కనిపించేది దానికంటే చాలా తక్కువ. నిలువు కోణం 90 డిగ్రీలున్న కెమెరాను 45 డిగ్రీలు కిందికి వంచితే బొమ్మ కింది అంచు తిన్నగా నేలకు, పై అంచు దిగంతానికి ఆనుతుంది. కోణం ఎంతో తెలియకపోయినా ఫర్వాలేదు. తెర అడుగున ట్రాలీ సొంత అంచు సన్నటి గీతలా కనిపించేవరకు వంచండి. ఆ గీత కనిపిస్తోందంటే ట్రాలీకి ఆనుకుని నిలబడ్డ మనిషి పాదాలు కూడా కనిపిస్తాయి.

తర్వాత కుడి ఎడమల పరీక్ష. డ్రైవరుకు ఎడమవైపున ఒకరిని నిలబెట్టి చేయి ఊపమనండి. తెరమీద కూడా ఆయన ఎడమనే ఉండాలి, అద్దంలో ఉన్నట్టు. తారుమారైతే చాలా కెమెరాల వైరుకు ఉండే చిన్న ఉచ్చును కత్తిరిస్తే బొమ్మ తిరగబడుతుంది. ఏ రంగు ఉచ్చు దేనికో కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి కాగితం చదవకుండా కత్తెర పట్టవద్దు.

తెరమీద వచ్చే పచ్చ, పసుపు, ఎరుపు గీతలను నా మట్టుకు నేను ఆపేయమనే చెబుతాను. అవి ఒక కారు వెడల్పుకు, ఒక ఎత్తుకు గీసినవి. ట్రాలీకి అవి అబద్ధం చెబుతాయి. వాటి బదులు ట్రాలీ వెనుక 1, 2, 3 మీటర్ల దగ్గర ఇటుకలు పెట్టి, తెరమీద వాటి స్థానంలో సన్నటి రంగు టేపు ముక్కలు అంటించండి. ఈ కొలత మీ ట్రాలీది, మీ కెమెరాది.

ఇంకో విషయం కూడా ముందే తెలిసి ఉండాలి. వెనక్కి నెట్టే ట్రాలీ సహజంగా అస్థిరమైనది. అరచేతిమీద కర్రను నిలబెట్టినట్టు, చిన్న వంపు తనంతట తానే పెద్దదవుతుంది. స్టీరింగు కుడికి తిప్పితే ట్రాలీ తోక ఎడమకు పోతుంది. ముందు ఇరుసు కూడా తిరిగే నాలుగు చక్రాల ట్రాలీ ఇంకా మొండిది. కెమెరా చూపేది ట్రాలీ తోక వెళ్ళే చోటును మాత్రమే. ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య కోణం ఎంత ముదిరిందో, పెద్ద టైరు ముందు దూలానికి తగులుతోందో దానికి తెలియదు. అందుకు వెనక్కి తిరిగి కొక్కెం వైపు చూడక తప్పదు.

అసలు గొడవ ఎర్త్‌తోనే

చాలా లోపాల మూలం ఇక్కడుంది కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

కెమెరా తీసుకునే కరెంటు చాలా తక్కువ. రాత్రి దీపాలతో కలిపి 0.2 ఆంపియర్లు అనుకుందాం. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 10 మీటర్లు పోయి, 10 మీటర్లు తిరిగి వస్తే మొత్తం నిరోధం సుమారు 0.7 ఓములు. దానిలో పోయే వోల్టేజి 0.14 వోల్టులే. అంటే వైరు సన్నగా ఉందన్న ఫిర్యాదులో సాధారణంగా పస ఉండదు.

మరి బొమ్మ ఎందుకు చెడుతుంది? ట్రాలీ లైట్లకు చాలాచోట్ల ఒక్క వైరే లాగి, తిరుగు దారిగా ఇనుప చట్రాన్ని వాడతారు. ఆ కరెంటు ట్రాలీ చట్రంనుంచి ట్రాక్టరుకు చేరాల్సింది కొక్కెం, పిన్ను గుండా. ఆ పిన్ను తుప్పు, గ్రీజు, మట్టి పూసుకుని వదులుగా కదులుతుంటుంది. అక్కడ 0.2 ఓముల నిరోధం ఉందనుకోండి. 21 వాట్ల బ్రేకు బల్బులు రెండు వెలిగితే 3.5 ఆంపియర్లు పారతాయి. కొక్కెం దగ్గరే 0.7 వోల్టులు తేడా వస్తుంది. బల్బుకు ఇదేమంత లెక్క కాదు, కాస్త మందంగా వెలుగుతుంది. కానీ మామూలు అనలాగ్ కెమెరా పంపే వీడియో సంకేతం మొత్తం ఎత్తే 1 వోల్టు! ఆ సంకేతాన్ని తెర కొలిచేది ఎర్త్‌తో పోల్చి. పోల్చే నేలే 0.7 వోల్టులు పైకి లేస్తే బొమ్మ చిరుగుతుంది, దొర్లుతుంది, లేదా మాయమవుతుంది. బ్రేకు తొక్కితే తెర పోవడంలోని రహస్యం ఇదే. ఇండికేటరు లయకు అనుగుణంగా బొమ్మ కొట్టుకున్నా కారణం ఇదే.

అంతకంటే చెడ్డ సంగతి ఒకటుంది. కెమెరా లోహపు ఒళ్ళు ట్రాలీ ఇనుముకు తగులుతూ, లోపల ఎర్త్‌తో కలిసి ఉంటే, లైట్ల కరెంటుకు మరో దారి దొరుకుతుంది. అది కెమెరా వైరు తొడుగు. కొక్కెం సరిగా పట్టనప్పుడు బ్రేకు లైట్ల కరెంటులో చాలా భాగం ఆ సన్నటి తొడుగు గుండా పారి దాన్ని వేడెక్కిస్తుంది.

అందుకు చేయవలసినవి మూడు పనులు. లైట్లకు కొక్కెం మీద ఆధారపడకుండా 2.5 చదరపు మిల్లీమీటర్ల ఎర్త్ వైరు ఒకటి విడిగా ట్రాక్టరు వరకు లాగాలి. కెమెరా ప్లస్, మైనస్ రెండూ బ్యాటరీ వైపునుంచే తెచ్చుకోవాలి, ట్రాలీ లైట్లనుంచి దొంగిలించకూడదు. కెమెరా బ్రాకెట్టు కింద రబ్బరు ముక్క, బోల్టుకు ప్లాస్టిక్ వాషరు వేసి ఇనుమునుంచి విడదీయాలి. ప్లస్ వైరుకు బ్యాటరీ దగ్గరే 2 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. వైరు ఎక్కడైనా నలిగి చట్రానికి తగిలితే వరిగడ్డి లోడు మధ్యలో నిప్పు పుట్టకుండా కాపాడేది అదే.

ట్రాలీకి వెల్డింగ్ చేయించే రోజున కెమెరా కనెక్టరు విప్పి పక్కన పెట్టండి. వందకు పైగా ఆంపియర్లు దారి వెతుక్కుంటూ తిరిగే సమయం అది.

కారులో రివర్స్ లైటునుంచి తెరకు సూచన తీసుకుంటారు. చాలా ట్రాక్టర్లలో ఆ లైటే ఉండదు. తాళంతోపాటు తెర వెలిగేలా కలపడం సులువు, నా ఉద్దేశంలో మంచిది కూడా. రోడ్డుమీద ట్రాలీకి దగ్గరగా వస్తున్న మోటారు సైకిలు కూడా కనబడుతుంది.

కొక్కెం దగ్గరి కనెక్టరు

ట్రాలీని రోజూ విప్పి తగిలిస్తారు కాబట్టి ఇక్కడ మర తిప్పి బిగించే నాలుగు పిన్నుల కనెక్టరు కావాలి. హెచ్చరిక ఏమిటంటే, ఒకే ఆకారంలో ఉన్నా ఏ పిన్నులో ఏముందో అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. ఒక కంపెనీ కెమెరాను మరో కంపెనీ వైరుకు తగిలిస్తే వీడియో పిన్నులోకి 12 వోల్టులు వెళ్ళి కెమెరా అక్కడికక్కడే చచ్చిపోవచ్చు. ముందు మల్టీమీటరుతో చూసి తర్వాతే కలపండి. వైరు పొడవు తేల్చేది తిన్నగా నిలబెట్టిన బండి కాదు. ట్రాక్టరును పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి మడిచి రెండుసార్లూ చూడాలి. కనెక్టరుకు ముందు వైరు కాస్త కిందికి వేలాడి మళ్ళీ పైకి రావాలి. అప్పుడు వాననీరు అక్కడే బొట్లుగా రాలిపోతుంది, పిన్నుల్లోకి దిగదు.

వైరు లేని కెమెరాలూ ఉన్నాయి. అవి సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు వాడతాయి. వాటి తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు. నిండు ఇనుప తొట్టి వాటికి గోడే, తడి గడ్డి లోడు వాటిని పీల్చేస్తుంది. పైగా బొమ్మ కొంత ఆలస్యంగా వస్తుంది. ఆలస్యం 0.2 సెకన్లైతే గంటకు 5 కిలోమీటర్ల వేగంలో ట్రాలీ ఆ లోపే 28 సెంటీమీటర్లు కదిలిపోతుంది. గోడ దగ్గర అది చాలా దూరం. వీలైతే వైరు కెమెరానే ఎంచుకోండి.

లోపం ఎక్కడుందో పట్టుకోవడం

మొదటి పని కెమెరా మార్చడం కాదు, దారిని సగానికి కోయడం. కెమెరాను విప్పి ట్రాక్టరు దగ్గరకు తెచ్చి, తెరకున్న కనెక్టరుకే నేరుగా తగిలించండి. బొమ్మ బాగుంటే తెర, కెమెరా రెండూ నిర్దోషులు. లోపం ట్రాలీ వైరులో ఉంది. అప్పుడూ రాకపోతే వైరు జోలికి వెళ్ళనక్కర్లేదు. ఈ ఒక్క పరీక్ష సగం వెతుకులాటను తగ్గిస్తుంది.

వైరులో ఉందని తేలితే మల్టీమీటరు తీయండి. కెమెరా తగిలించి పనిచేస్తున్నప్పుడే కొలవాలి. ఒక్క పోగుమీద వేలాడే తెగిన వైరు కూడా భారం లేనప్పుడు 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. తర్వాత మీటరు నల్ల పుల్లను బ్యాటరీ మైనస్‌కు, ఎర్ర పుల్లను కెమెరా మైనస్‌కు పెట్టి బ్రేకు తొక్కించండి. పుల్ల చాలకపోతే పొడవాటి వైరు కలుపుకోండి. 0.2 వోల్టులు దాటిందంటే ఎర్త్ దారి చెడింది. కొలుస్తూ ఒకరు కొక్కెం దగ్గరి వైరును ఊపుతుంటే, అంకె ఎగిరిన చోటే దొంగ దొరుకుతాడు.

తెరమీద అడ్డగీతలు దొర్లుతూ, ఇంజను వేగం పెంచితే అవీ వేగం పెంచుకుంటే అది ఆల్టర్నేటరు చేసే అల్లరి. కెమెరా వైరును దాని మందపాటి వైరుకు దూరంగా మళ్ళించి, తెర కరెంటును నేరుగా బ్యాటరీనుంచి తీసుకుంటే చాలావరకు తగ్గుతుంది. స్టార్టు కొట్టిన క్షణంలో తెర ఆరి వెలగడం లోపం కాదు, అప్పుడు బ్యాటరీ వోల్టేజి బాగా పడిపోతుంది.

కొత్తగా మార్చిన కెమెరా తగిలించగానే నలుపు తెలుపు బొమ్మ లేదా దొర్లే బొమ్మ వస్తే పాల్, ఎన్‌టీఎస్‌సీ పద్ధతుల తేడాను అనుమానించండి. ఏహెచ్‌డీ కెమెరాను పాత సీవీబీఎస్ తెరకు తగిలిస్తే బొమ్మ అసలు రాకపోవచ్చు. ఈ రెండు సందర్భాల్లో ఎంత వైరు మార్చినా ఫలితం ఉండదు.

రాత్రి మాత్రమే బొమ్మ తెల్లగా పాలిపోతే గాజును చూడండి. చుట్టూ ఉన్న పరారుణ దీపాల వెలుగు దుమ్ముమీద, సాలీడు గూటిమీద పడి తిరిగి లెన్సులోకే వస్తుంది. పగటి కాంతిలో కనబడని ఒక్క పోగు రాత్రి తెరను కప్పేస్తుంది.

తడి మసక వేరే కథ. ఎండలో కాగిన కెమెరామీద చల్లటి వాన పడితే లోపలి గాలి కుంచించుకుపోయి, పగిలిన సీలు గుండా తడి గాలిని లోపలికి లాగుతుంది. ఆ ఆవిరి గాజు లోపలి వైపున చెమ్మగా పడుతుంది. ఐపీ 67 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట నిలుస్తుందని అర్థం, అంతే. వాహనాలు కడిగే గొట్టం ధార దెబ్బకు తట్టుకుంటుందని కాదు. అందుకు ఐపీ 69కే అని ఉండాలి, దాన్ని 80 డిగ్రీల సెల్సియస్ వేడినీటి ధారను 80 నుంచి 100 బార్ల ఒత్తిడితో కొట్టి పరీక్షిస్తారు. చెమ్మ ఒకసారి వచ్చిన కెమెరాను ఎండలో ఆరబెడితే ఆ రోజుకు బాగవుతుంది. సీలు పగుళ్ళు అలాగే ఉంటాయి కాబట్టి మరుసటి వానకు మళ్ళీ వస్తుంది. అలాంటప్పుడు వైరు లోపలికి వెళ్ళే మెడ దగ్గర చూడండి. వైరును పట్టుకుని కెమెరాను వేలాడదీసినప్పుడో, గట్టిగా మడిచి కట్టినప్పుడో చీలేది అక్కడే.