చక్రాల ఇల్లు – వేగధారణం: ఒక వైద్యుని అనుభవ పాఠం

కోనసీమలో నేను గురువుగారి ఇంట ఉండి వైద్యం నేర్చుకుంటున్న రోజులలో, ఆయన రోగి ఇంటికి వెళ్ళగానే నాడి చూచేవారు కారు. ముందుగా పెరటిలోకి వెళ్ళేవారు. బావి ఎక్కడ ఉన్నది, వంట పొగ ఎటు పోతున్నది, పడక గదికి గాలి ఏ వైపు నుండి వస్తున్నది, ఇంటి ఆడవారు కాలకృత్యాలకు ఎంత దూరం నడవవలసి వస్తున్నది అని విచారించి, ఆ తరువాతనే మంచం ప్రక్కన కూర్చునేవారు. శిష్యులమైన మేము ఆ ఆలస్యానికి విసుగు చెందేవాళ్ళం. నలభై ఏళ్ళ తరువాత ఆ ఒక్క విచారణ నేను చేయకపోవడం వలన నా ఇంటి మనిషికే జ్వరం వచ్చింది. ఆ సంగతిని దాచకుండా పాఠకుల ముందుంచుతున్నాను.

మా అబ్బాయి అమెరికాలో కంప్యూటరు ఉద్యోగి. 2020లో మహమ్మారి వచ్చినప్పటి నుండి అతడికి ఇంటి వద్దనే పని. ఎక్కడ కూర్చుని పని చేసినా ఒకటే అయినప్పుడు ఇల్లు ఎందుకని, 2022లో డాలస్ దగ్గరి ఇల్లు అమ్మివేసి, ట్రక్కుకు తగిలించి లాగుకొని పోయే ట్రెయిలరు ఇల్లు కొన్నాడు. అటువంటి వాటిని అక్కడ ఆర్వీ అంటారు. పొడవు 28 అడుగులు, వెడల్పు 8 అడుగులు, అంటే 224 చదరపు అడుగులు. అందులోనే వంటగట్టు, ఒక పడక, పిల్లవాడికి రైలు పెట్టెలో వలె ఒకదానిపై ఒకటిగా రెండు బెర్తులు, స్నానాల గది, కంప్యూటరు బల్ల. రాత్రి ఆ బల్లను దించి పరుపు వేస్తే మరొక పడక. 2023 డిసెంబరులో నేనూ నా శ్రీమతీ అక్కడికి వెళ్ళి మూడు నెలలు ఉన్నాము. అంతకుముందు ఇద్దరూ ఒక పిల్లవాడూ ఉన్న బండిలో అయిదుగురం అయ్యాము.

చలికాలం కొరకు వారు అరిజోనా రాష్ట్రపు పడమటి అంచున క్వార్ట్జ్‌సైట్ అనే చిన్న ఊరి దగ్గర, ప్రభుత్వపు ఎడారి భూమిలో బండి నిలిపి ఉన్నారు. సెప్టెంబరు 15 నుండి ఏప్రిల్ 15 వరకు అక్కడ ఉండడానికి ఆ సంవత్సరం 180 డాలర్ల రుసుము. చలి ప్రాంతాల నుండి వేలాది బండ్లు అక్కడికి చేరుతాయి. వాటిలో ఉండేవారు చాలామంది ఉద్యోగ విరమణ చేసిన వృద్ధులే. ఆ ఊరి శ్మశానంలో హై జాలీ అనే పేరుతో పిలువబడిన హాజీ అలీ సమాధి ఉన్నది. 1850లలో అమెరికా సైన్యం ఎడారి ప్రయాణానికి ఒంటెలను తెప్పించినప్పుడు వాటితో వచ్చిన ఒంటెలవాడు ఆయన. 1902లో మరణించాడు. రాళ్ళతో కట్టిన గోపురం వంటి కట్టడం మీద ఒక ఒంటె బొమ్మ. ఇల్లు లేనివారి ఊరికి తగిన గుర్తు అనిపించింది.

మొదట మంచి మాట చెప్పవలెను. ఆ బండిలో కరెంటు సూర్యరశ్మి పలకల నుండి వస్తుంది. బ్యాటరీ మిగుల్చుకొనడం కొరకు చీకటి పడకముందే భోజనం, తొమ్మిదింటికి నిద్ర, తెల్లవారగానే మెలకువ. నేను ముప్పై ఏళ్ళుగా రోగులకు చెప్పి చేయించలేని దినచర్యను ఆ బ్యాటరీ నెల రోజులలో చేయించింది. వస్తువులు తక్కువ. నడక ఎక్కువ.

ఇక తేమ సంగతి. ఆయుర్వేదం భూమిని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలుగా చెప్పింది. ఎండి, చెట్లు తక్కువగా ఉండే నేల జాంగలం. నీరు, తేమ అధికంగా ఉండే నేల ఆనూపం. బండి బయట చూస్తే నిస్సందేహంగా జాంగల దేశం. పెదవులు పగిలే గాలి. కాని ఏడేళ్ళ మా మనవడికి రోజూ తెల్లవారుజామున కఫంతో దగ్గు. పది రోజులు సితోపలాది చూర్ణం తేనెతో ఇచ్చాను. తగ్గినట్లే తగ్గి మళ్ళీ వచ్చేది. ఒక ఉదయం వాడి దుప్పటి మడతపెడుతూ పరుపు అంచు ఎత్తి చూస్తే, అడుగున చెక్క చెమ్మగిల్లి నల్లని బూజు చుక్కలు కనిపించాయి.

లెక్క తెలిశాక ఆశ్చర్యం కలుగలేదు. మనిషి ఒక రాత్రి నిద్రలో ఊపిరి ద్వారా, చర్మం ద్వారా సుమారు ఒక గ్లాసెడు నీటిని గాలిలోకి వదులుతాడు. అయిదుగురం అయిదు గ్లాసులు. దానికి తోడు వంట గ్యాసు ఒక కిలో మండితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. తలుపులన్నీ మూసిన పెట్టెలో ఆ ఆవిరి రాత్రి చలికి చల్లబడిన గోడ మీదికి, పరుపు క్రిందికి చేరుతుంది. బయట ఎడారి, లోపల గోదావరి లంక! పరుపు క్రింద సన్నని చెక్క బద్దలు వేసి గాలి ఆడేటట్లు చేశాము. కప్పులోని గవాక్షాన్ని రాత్రంతా రెండు వ్రేళ్ళంత తెరిచి ఉంచాము. బూజు తుడిచి పరుపును ఎండలో వేశాము. దగ్గు వారం రోజులలో తగ్గింది. చూర్ణం మానివేసినా మళ్ళీ రాలేదు.

ఈ సందర్భంలోనే మరొక మాట. మొదటి శుక్రవారం నేను అలవాటు ప్రకారం సాంబ్రాణి ధూపం వేశాను. పొగను కనిపెట్టే గంట చెవులు పగిలేటట్లు మోగింది. నాకు కోపం వచ్చింది కాని, గంటదే న్యాయం. విశాలమైన మండువా ఇంటికి చెప్పిన ధూపం ఆ పెట్టెకు వర్తించదు. అటువంటి చోట, ఆ మాటకొస్తే కిటికీలు మూసిన ఏ చిన్న గదిలోనైనా, బొగ్గుల కుంపటి పెట్టడం గాని, చలికి గ్యాసు పొయ్యి వెలిగించి పడుకొనడం గాని ప్రాణాంతకం. వాసన లేని విషవాయువు నిద్రలోనే మనిషిని తీసుకొని పోతుంది.

ఇప్పుడు అసలు విషయం. మేము వెళ్ళిన రోజున మా అబ్బాయి బండి అంతా చూపించి, గోడ మీది చిన్న దీపాల వరుసను చూపించాడు. మరుగుదొడ్డి తొట్టె ఎంత నిండినదీ ఆ దీపాలు చెబుతాయి. తొట్టె పట్టేది సుమారు 130 లీటర్లు. నిండితే బండిని లాగుకొని పోయి, దానికని ఏర్పరచిన చోట ఖాళీ చేసి రావలెను. "అమ్మా, ఈ దీపాలన్నీ వెలిగితే ఇల్లు మొత్తం కట్టుకోవలసిందే" అని నవ్వుతూ అన్నాడు. మేమూ నవ్వాము.

రెండవ వారంలో మా శ్రీమతికి మలబద్ధకం, తలనొప్పి మొదలైనవి. ఎడారి గాలి, వయస్సు, ప్రయాణం. వాతం ప్రకోపించినదని తేల్చుకున్నాను. నువ్వుల నూనెతో అభ్యంగనం, రాత్రి గోరువెచ్చని నీటితో త్రిఫల చూర్ణం చెప్పాను. గుణం కనిపించలేదు. మోతాదు పెంచాను. నాలుగవ వారంలో మూత్రంలో మంట, ఆ వెంటనే చలితో జ్వరం, నడుముకు ఒక ప్రక్క నొప్పి.

అప్పుడు మా కోడలు నన్ను బయటికి పిలిచి చెప్పింది: "మామయ్యగారూ, అత్తయ్య రోజుకు రెండు గ్లాసుల నీళ్ళు కూడా తాగడం లేదు. మీరిచ్చే చూర్ణం కూడా వేసుకోవడం లేదు. రాత్రి లేవవలసి వస్తుందని భయం."

విచారిస్తే సంగతులన్నీ బయటపడినవి. స్నానాల గది తలుపుకు మూడు అడుగుల దూరంలో మా అబ్బాయి పగలంతా ఆఫీసు వారితో మాట్లాడుతూ ఉంటాడు. గోడ అట్టముక్కంత పలుచన. కొళాయి త్రిప్పితే చాలు, నీటి పంపు గురగురమని మోగుతుంది; రాత్రి వేళ అయితే పిల్లవాడు లేచి కూర్చుంటాడు. ఆ దీపాలు మరొక భయం. తన వలన బండి కదలవలసి వస్తుందేమోనని ఆమె నీరు మానుకున్నది, వేగాన్ని ఆపుకున్నది.

చరకసంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం ఈ విషయం గురించినదే. మూత్రం, మలం, అపానవాయువు, తుమ్ము, త్రేన్పు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర మొదలైన పదమూడు వేగాలను ఆపరాదని, ఆపితే ఏ యే బాధలు కలుగుతాయో అక్కడ చెప్పబడింది. మూత్రవేగాన్ని ఆపితే వచ్చేవాటిలో తలనొప్పి కూడా ఉన్నది. ఆ అధ్యాయం నాకు కంఠస్థం. నా రోగి మూడు అడుగుల దూరంలో ఉన్నది. ఆమె దప్పికను, మూత్రాన్ని, మలాన్ని ఆపుకుంటుండగా నేను ఎడారి గాలికి వైద్యం చేస్తున్నాను.

"ముప్పై ఎనిమిదేళ్ళుగా నా పాఠం విన్నదానివి, నాతో ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"విన్నాను గనుకనే చెప్పలేదండీ. చెబితే అందరి ముందూ మళ్ళీ పాఠం మొదలుపెడతారు" అన్నది.

ఆ రోజే సమీప పట్టణంలోని వైద్యశాలకు తీసుకొని వెళ్ళాము. మూత్రపరీక్ష చేసి, ఇన్ఫెక్షను మూత్రపిండం వైపు ప్రాకుతున్నదని చెప్పి యాంటీబయాటిక్ ఇచ్చారు. పూర్తి కాలం వాడించాను. పాఠకులు ఇది గుర్తుంచుకొనవలెను: మూత్రంలో మంటతో పాటు చలిజ్వరం, నడుము ప్రక్క నొప్పి, వాంతి, రక్తం వీటిలో ఏది ఉన్నా ఇంటి వైద్యంతో ఒక్క పూట కూడా గడపరాదు.

జ్వరం తగ్గిన తరువాత నా వంతు వచ్చింది. రెండు చెంచాల ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, గ్లాసు నీటిలో రాత్రి నానబెట్టి, ఉదయం వడగట్టి కొద్దిగా పటికబెల్లంతో ఇచ్చాను. మధుమేహం ఉన్నవారు పటికబెల్లం మానవలెను. మధ్యాహ్నం పలుచని బార్లీ జావ. సాయంత్రం పల్లేరు కాయల కషాయం: పది గ్రాముల ముతక పొడిని రెండు గ్లాసుల నీటిలో వేసి, అరగ్లాసు మిగిలే వరకు కాచి వడగట్టినది. గర్భిణులు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, మూత్రం జారీ అయ్యే మాత్రలు వాడేవారు తమ వైద్యుని అడుగకుండా దీనిని వాడరాదు. పొడి మన దేశం నుండి నేను తీసుకొని వెళ్ళినదే. విచిత్రమేమంటే ఒక రోజు మా మనవడు గాలిపోయిన సైకిలు చక్రాన్ని తెచ్చి "తాతయ్యా, ముల్లు" అన్నాడు. చూస్తే పల్లేరు కాయ! ఆ ప్రాంతమంతా కలుపుగా పెరుగుతుందట. దారి ప్రక్కన కలుపు మందు చల్లుతారని విని వాటిని వైద్యానికి ఏరలేదు.

అసలు మందు మాత్రం చెంబు. రాత్రి పంపు ఆపివేసి, స్నానాల గదిలో ఒక బాల్చీ నిండా నీరు, చెంబు ఉంచాము. చప్పుడు పోయింది. ఉదయం ఫలహారం తరువాత అరగంట సేపు మగవాళ్ళం ముగ్గురం బండి దిగి నడకకు పోవడం నియమమైంది. అబ్బాయి ఆ వేళకు ఆఫీసు మాటలు పెట్టుకొనడం మానివేశాడు. తొట్టెను వారానికి ఒకసారి కాక, దీపాలతో నిమిత్తం లేకుండా నాలుగు రోజులకొకసారి ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. ఆ దీపాల మీద మా కోడలు ఒక క్యాలెండరు వ్రేలాడదీసింది. వారం రోజులలో మలబద్ధకం, తలనొప్పి రెండూ పోయినవి. త్రిఫల అవసరం రాలేదు.

2024 మార్చిలో తిరిగి వచ్చిన తరువాత హైదరాబాదులో ఒక రోగిని చూడడానికి వెళ్ళాను. డెబ్బై దాటిన తల్లి. ఆరు నెలలలో మూడవసారి మూత్రంలో మంట. రెండు గదుల ఫ్లాటు. ఆమె పడక హాలులో దివాను మీద. నాడి చూడకముందే "బాత్రూమ్ ఎక్కడ ఉన్నదమ్మా?" అని అడిగాను. కొడుకు పడక గదిలో నుండి వెళ్ళవలెను. రాత్రి పదింటికి ఆ తలుపు మూస్తారు. "సాయంత్రం నీళ్ళు ఎన్ని గంటలకు మానివేస్తారు?" అన్నాను. ఆమె కోడలి వైపు ఒకసారి చూచి, "ఆరింటికండీ" అన్నది.

కొడుకుకు ఆ సంగతి అంతవరకు తెలియదు. ఆ వారంలోనే పడకలు మార్చుకున్నారు. పల్లేరు కషాయం పదిహేను రోజులు ఇచ్చాను.